భార్య ఒకరు

"గంగాధర్! గంగాధర్!"

మిద్దె మెట్ల మీద నుంచి లిండా పిలుపు వినిపించేసరికి వంటింట్లో వెంకటేశ్వరి చేతిలోని అప్పడాల కర్ర ఆగిపోయింది.

"ఇంట్లో లేడు, పోయినాడని చెప్పరాదా దానికి? గొంతు చించుకుంటాంది," అంది అంకాలమ్మ, పెనం మీది రొట్టె తిప్పుతూ.

"నువ్వే చెప్పు వదినా. నీ తమ్ముడే కదా."

పిలుపు మళ్ళీ వచ్చింది. అదే పేరు, అదే సాగదీత.

పెళ్ళయిన ఆరేళ్ళలో ఆ పేరు వెంకటేశ్వరి నోటి వెంట ఒక్కసారీ రాలేదు. ఓట్ల లిస్టు రాసుకునేవాళ్ళు అడిగినా, బొంబాయిలో వీసా ఏజెంటు అడిగినా పక్కనున్న మనిషి చేత చెప్పించేది. పలికితే మొగుడి ఆయుష్షు తరుగుతుందని కడప పక్క తమ పల్లెలో ఆడవాళ్ళ నమ్మకం. అది నిజమో అబద్ధమో ఆమె ఏనాడూ తూచి చూడలేదు. తక్కెడలో పెట్టకూడని సరుకులు కొన్ని ఉంటాయనుకుంది. అట్లా దాచుకున్న సరుకును ఈ ఫిలిప్పీన్ మనిషి పూటకు పదిసార్లు వీధిపాలు చేస్తోంది.

మిద్దె మీది గదిలో ఆ ఇద్దరినీ చూసిన రోజు నుంచి వెంకటేశ్వరి మొగుడితో మాట్లాడలేదు. సబ్‌హాన్‌లో అతను పనిచేసే గోడౌన్‌ను ఈ గల్ఫ్ దేశాన్ని ఆక్రమించిన ఇరాకీ సిపాయిలు దోచుకున్నాక, "ఈ పిల్ల మా సేఠ్ ఇంట్లో పనిచేసేది, దిక్కు లేదు," అంటూ లిండాను జాబ్రియాలో వెంకటేశ్వరి పనిచేసే ఈ ఇంటికి తీసుకొచ్చింది అతనే. తలుపు తీసింది తనే. అన్నం పెట్టింది తనే. మామా అని పిలిచే యజమానురాలి కుటుంబం వేసవి సెలవులకు లండన్ పోయి అక్కడే చిక్కుబడింది. ఇంటి తాళాలు, స్టోరులోని సరుకూ తన చేతిలోనే ఉన్నాయి. ఎవరికి ఎంత పెట్టాలో తనే చూసుకుంది. ఒక్క లిండా దగ్గరే తూకం తప్పింది.

లిండా వంటింట్లోకి వచ్చింది.

ఆమె ఒంటి మీద పచ్చ నైలెక్స్ చీర. కుచ్చిళ్ళు పైకెక్కి చీలమండలు కనిపిస్తున్నాయి. మెడలో కొత్త పసుపుతాడు. తడి ఇంకా ఆరలేదు. వెంకటేశ్వరి కళ్ళు అల్మారా మీది పసుపు డబ్బా మీదికి పోయాయి. మూత తీసి ఉంది.

ఇద్దరి మధ్యా ఉన్నది ఒకటే భాష, అరబ్బుల వంటిళ్ళలో నేర్చుకున్న అరబ్బీ. గిన్నె కడగడానికీ, పిల్లవాడికి పాలు పట్టడానికీ సరిపడే మాటలు అందులో ఉన్నాయి. మొగుడి గురించి కొట్లాడుకోవడానికి చాలవు.

"చీర నాది," అంది వెంకటేశ్వరి.

"మాలూమ్. గంగాధర్ ఇచ్చాడు."

"కొన్నది నేను. వాడెవరు ఇచ్చేదానికి?"

"బస్సు కోసం. ఈరోజు ఒక్కరోజే. తర్వాత చీర నీకు."

"ఏ బస్సు?"

లిండా అంకాలమ్మ వైపు చూసింది. అంకాలమ్మ పెనం వైపు చూసింది. పెనం మీద రొట్టె మాడుతోంది. తన జీవితంలో రొట్టె మాడనిచ్చిన మనిషి కాదు అంకాలమ్మ.

"నీకెందుకు కోపం?" అంది లిండా. "నువ్వు గంగాధర్‌కు చుట్టం. భార్య కాదు."

"ఎవరు చెప్పినారు?"

"గంగాధర్ చెప్పాడు. నేనూ చూశాను."

"ఏం చూసినావు?"

ఏదో చెప్పబోయి, మాటలు దొరక్క చేయి విదిలించింది లిండా. "ఖలాస్. నాకు తెలుసు," అని మెట్లెక్కి పోయింది.

వెంకటేశ్వరి పెనం కిందికి దించి పొయ్యి ఆర్పేసింది.

"చెప్పు వదినా."

"ఏం చెప్పమంటావు?"

"నీ నోట్లో ఉండేది చెప్పు. మింగితే అరగదు నీకు."

అంకాలమ్మ పిండి చేతులు కొంగుకు తుడుచుకుంది. తమ్ముడికీ మరదలికీ వీసాలు తెప్పించింది ఆమే. ఈ ఇంట్లో వంటమనిషిగా పదేళ్ళ నుంచి ఉంది. మరదలి ముందు తల దించడం ఇదే మొదలు.

"బస్సు కాయితంలో నీ పేరు రాయల్యా మ్మేయ్," అంది. "గంగాధర్, భార్య ఒగరు. అంతే రాసినారు, రద్దీలో. దాని దేశపోళ్ళ బస్సులు మొన్ననే పాయ. వాని కోసమని ఇది ఎక్కల్యా. ఇప్పుడు దీన్ని ఇడిసిపెట్టి నేను పోను అంటాండాడు."

"ఉండమను. దాన్ని కట్టుకొని ఈడనే ఉండమను."

"గోడౌన్‌లో ఇద్దర్ని సిపాయిలు జీపులో ఎక్కించుకొని పోయినారు, మళ్ళ రాల్యా. తెలిసి కూడా అట్ల మాట్లాడతావా?"

"ఆ ఇద్దరికీ పెండ్లాలు లేకపాయనా? వాళ్ళూ ఇట్లనే సీట్లు మార్చుకోవాల్సింది."

"ఎకసెక్కం చాలు. నువ్వు మామా ఇంట్లో ఉండావు. ఇనుప గేటుంది, స్టోరు నిండా సరుకుంది. వాడికేముంది? వచ్చే బస్సుకు నువ్వు వద్దువులే."

"వచ్చే బస్సు ఉందని కమిటీ భీమేశ్వరరావు సారు చెప్పినాడా?"

అంకాలమ్మ మాడిన రొట్టెను పెనం నుంచి గీకసాగింది.

"చెప్పలేదు కదా. నువ్వు చెప్తాండావు. నీ మాట మీద నేను ఈ ఇంట్లో ఒంటిగా కూచోవల్ల. గేటు దూకి ఎవడన్నా వస్తే నీ మాట చూపించి పంపియ్యాల."

"వాడు నా తమ్ముడు."

"నేను?"

"నువ్వు గట్టిదానివి," అంది అంకాలమ్మ.

ఆ మాట వెంకటేశ్వరికి చాలాకాలంగా తెలుసు. గట్టి పాత్రనే పొయ్యి మీద ఎక్కువసేపు ఉంచుతారు.

అసలు ఆ బస్సులో వీళ్ళకు చోటు దొరికిందే ఆమె వల్ల. బాగ్దాదు మీదుగా అమ్మాన్ దాకా ఎడారి దారి, అక్కడి నుంచి ఇంటికి విమానం. మనవాళ్ళను ఊరు చేర్చే కమిటీ వాళ్ళు బస్సు కుదిర్చారు, డీజిల్ కుదిర్చారు. దారిలో తినడానికి మాత్రం ఏమీ లేదు. కొట్లన్నీ ఖాళీ. స్టోరులో మిగిలిన బియ్యం మూటలు రెండూ ఇస్తాననీ, రొట్టెలు కూడా కాల్చి ఇస్తాననీ, బదులుగా తమ ఇంటి వాళ్ళకు ముందు బస్సులోనే చోటివ్వాలనీ బేరం పెట్టింది తనే. భీమేశ్వరరావు ఎగిరి గంతేశాడు. అంకాలమ్మకు సొంత పాస్‌పోర్టు చేతిలోనే ఉంది. మొగుడిదీ తనదీ యజమానుల ఇనప్పెట్టెల్లో ఉండిపోయాయి కనుక ఇద్దరికీ కలిపి ఒకే కాగితం ఇచ్చారు.

గేటు చప్పుడైంది. అతను వచ్చాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. వంటింట్లో ఇద్దరి మొహాలూ చూసి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు.

"మూటలు ఎక్కించి వచ్చినా," అన్నాడు అక్కతో. "రొట్టెలైనాయా?"

"కాలుస్తాండా," అంది వెంకటేశ్వరి. "ఎందరికి?"

చాలా రోజుల తర్వాత భార్య గొంతు విని అతను తడబడ్డాడు.

"ఏమే, అరవాకు. రోడ్డు మీద సిపాయిలుండారు."

"నేను అరవల్యా. ఎందరికని అడిగినా."

"చూడు. నాకూ బాధగానే ఉంది. కానీ ఆ పిల్ల నన్ను నమ్మి బస్సు వదులుకుంది."

"నేను నిన్ను నమ్మి ఊరే వదులుకున్యా."

"నువ్వు అక్కతో వచ్చినావు. నీకు మామా ఇల్లుంది..."

"మామా ఇల్లు మామాది. దాన్ని నా ఖాతాలో రాసి, నా సీటు దాని ఖాతాలో రాస్తావా? ఈ వ్యాపారం ఎవరు నేర్పినారు నీకు?"

"బియ్యం నువ్విచ్చినావనే కమిటీ వాళ్ళందరికీ చెప్పినా. నీ పుణ్యం యాడికీ పోదు."

"పుణ్యం నాకు, సీటు దానికి."

అంకాలమ్మ రొట్టెలు మూట కట్టసాగింది. గుడ్డ ముడి పడటం లేదు.

"దానికి నేనెవరని చెప్పినావు?" అంది వెంకటేశ్వరి.

"ఇప్పుడవన్నీ ఎందుకు?"

"చుట్టమన్నావా?"

"టైమైతాంది. యల్లా అక్కా, బిన్నా రా." పైకి చూసి, "లిండా!" అని కేకేశాడు.

వెంకటేశ్వరి తలుపు వెనకనున్న సంచి తీసుకుంది. రెండు చీరలు, ఒక దుప్పటి. బంగారం కనిపిస్తే సిపాయిలు లాక్కుంటారని ఆమె తాళి ఎప్పుడో రవికె లోపలికి పోయింది.

"నువ్వెక్కడికి?" అన్నాడు అతను.

"బస్సు దాకా. నా మూటలు ఎట్ల కట్టినారో చూసుకోవల్ల."

"చెప్తే ఇనపడదా..."

"కొడతావా? కొట్టు. ఏడుపు ఇని సిపాయిలే వస్తారు. ఎవరు ఎవరికి ఏమైతారో వాళ్ళకు చెప్పుకుందాం."

అతను చేయి దించేశాడు. నలుగురూ నడిచారు. కాలిపోయిన కార్ల మధ్య నుంచి పోతున్నప్పుడు లిండా చీర అంచు తొక్కి పడబోయింది. పట్టుకోవడానికి వెంకటేశ్వరి చేయి దానంతటదే ముందుకు పోయింది. పట్టుకున్నాక వదిలేసింది.

*

బస్సు బయల్దేరే బడి ఆవరణంతా జనం. పెట్టెలు, దుప్పట్లు, ఏడ్చే పిల్లలు. బస్సు టాపు మీద సులైబియా నుంచి వచ్చిన నిజామాబాద్ కూలీ కొమురెల్లి నిలబడి సామాను కడుతున్నాడు. వెంకటేశ్వరి ఇచ్చిన మూటలు రెండూ అతని కాళ్ళ దగ్గరే ఉన్నాయి.

బస్సు మెట్ల దగ్గర ఒక ఇరాకీ అధికారి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పక్కన కమిటీ పెద్ద భీమేశ్వరరావు కాగితాలు అందిస్తూ, అరబ్బీలో జవాబులు చెబుతున్నాడు. గోదావరి మనిషి. ఏదో కంపెనీలో లెక్కలు రాసేవాడు. నిద్ర లేక కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

అంకాలమ్మ పాస్‌పోర్టు చూసి అధికారి తలూపాడు. ఆమె వెనక్కి చూడకుండా బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చుంది.

తర్వాతి కాగితం. అధికారి చదివాడు. కళ్ళెత్తాడు. కాగితంలో భార్య ఒకరు. ఎదురుగా ఆడవాళ్ళు ఇద్దరు.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు భీమేశ్వరరావు, లిండానూ ఆ చీరనూ చూసి. విషయం అర్థమై అతని మొహం పాలిపోయింది. "ఏవయ్యా గంగాధరం, కొంప ముంచేశావు కదయ్యా! వీడు గానీ కాగితం చింపేశాడంటే బస్సు మొత్తం ఆగిపోద్ది."

అధికారి వేలితో లిండాను పిలిచాడు. "నీ భర్త పేరు?"

"గంగాధర్." గడగడా చెప్పింది. అడగకుండానే తండ్రి పేరు కూడా చెప్పింది. "గంగులయ్య కొడుకు."

వేలు వెంకటేశ్వరి వైపు తిరిగింది. "నీ భర్త పేరు?"

వెంకటేశ్వరి నోరు తెరిచింది. అలవాటుగా ఆమె కళ్ళు పక్కనున్న మనిషి కోసం వెతికాయి, చెప్పించడానికి. పక్కనున్న మనిషి ఆయనే. ఆయన బూట్లు చూసుకుంటున్నాడు.

"చెప్పెయ్యమ్మా," అన్నాడు భీమేశ్వరరావు. "ఒక్కసారేగా. దేవుడు చూసీ చూడనట్టు ఊరుకుంటాళ్ళే."

ఆమె వల్ల కాలేదు.

భీమేశ్వరరావు అధికారి వైపు తిరిగి అరబ్బీలో బతిమాలాడు. "సార్, మా దగ్గర భార్య భర్త పేరు పలకదు. అది మర్యాద. పలకని ఈమే భార్య."

అధికారి మీసం దువ్వుకున్నాడు. "మా ఊళ్ళల్లోనూ కొందరు పలకరు. ఫలానావాడి తండ్రి అంటారు. ఈమెను కొడుకు పేరు చెప్పమను."

భీమేశ్వరరావు తెలుగులో చెప్పలేక ఊరుకున్నాడు. చెప్పనవసరం లేదు. ఆ మాత్రం అరబ్బీ వెంకటేశ్వరికి వచ్చు. మొగుడు గోడౌన్‌లో, తను మామా ఇంట్లో. నెలకో శుక్రవారం గేటు బయట నిలబడి మాట్లాడుకున్న కాపురంలో కొడుకు ఎక్కడి నుంచి వస్తాడు?

"కొడుకూ లేడు, పేరూ తెలియదు," అన్నాడు అధికారి. కాగితాన్ని లిండా వైపు చాచాడు.

లిండా అందుకోలేదు. ఆమె భీమేశ్వరరావు మొహంలోకి చూస్తోంది.

"సహీ?" అంది. "నువ్వు ఇప్పుడు చెప్పింది నిజమా? భార్య పేరు చెప్పదా?"

"చెప్పదు."

లిండా వెంకటేశ్వరి వైపు తిరిగింది. వంటింట్లో దొరకని మాటలు ఇప్పుడు ఒక్కొక్కటే దొరికాయి.

"గంగాధర్ నాకు చెప్పాడు, చూడు, ఆమె నన్ను ఒక్కరోజైనా పేరు పెట్టి పిలిచిందా అని. భార్య అయితే పిలవదా అని. నేను చూశాను. రోజూ చూశాను. నువ్వు పిలవలేదు."

ఆవరణలో గోల అంతా దూరమైపోయినట్టయింది వెంకటేశ్వరికి.

ఆరేళ్ళు ఆయన ఆయుష్షు కోసమని పెదవి దాటనివ్వనిది. దాన్నే తీసుకుపోయి ఈ మనిషి ముందు సాక్ష్యంగా పెట్టాడు. తన మర్యాదను పెట్టుబడిగా పెట్టి ఇంకో ఆడదాన్ని కొనుక్కున్నాడు.

ఇప్పుడు పలికితే సిపాయి లెక్కలో తను భార్య అవుతుంది, లిండా లెక్కలో కాకుండా పోతుంది. పలకకపోతే లిండా నమ్ముతుంది, సిపాయి నమ్మడు. ఇటు తూచినా అటు తూచినా తనకే తరుగు. నష్టం ఎటూ తప్పనప్పుడు సరుకు ఇంకా దాచుకోవడం దేనికి?

"గంగాధర్," అంది.

బస్సు కిటికీలోంచి అంకాలమ్మ "అయ్యో పాపిష్టిదానా!" అని నోరు కొట్టుకుంది. అతను చెంప మీద దెబ్బ తిన్నట్టు తలెత్తాడు.

"గంగాధర్. గంగులయ్య కొడుకు గంగాధర్." రెండోసారి ఇంకా తేలిగ్గా వచ్చింది. వాడు కూలిపోలేదు. ఏమీ కాలేదు. ఇంత తేలికైన దాన్నా ఇన్నాళ్ళూ మోసింది?

అధికారి నవ్వాడు. "ఇప్పుడు ఇద్దరూ భార్యలే."

"అయితే నువ్వు భార్యవి కాదా?" అంది లిండా.

"ఇంతసేపూ అవును," అంది వెంకటేశ్వరి. "ఇప్పుడు ఖలాస్."

తర్వాత టాపు వైపు తలెత్తింది.

"కొమురెల్లన్నా! ఆ రెండు మూటలు నావి. దించు."

"ఏందక్కా, ఎందుకట్ల?" అన్నాడు కొమురెల్లి పైనుంచి. "బస్సు పోంగ గిప్పుడు దించుమంటవా? తొవ్వల ఏం దింటరు మనోళ్ళు?"

"మా ఇంటోళ్ళ సీట్లకని ఇచ్చినా. సీటు లేదన్నారు. సరుకు వెనక్కి తీసుకుంటాండా. ఇందులో తప్పేముంది?"

"ఉండమ్మా, ఉండు," అన్నాడు భీమేశ్వరరావు. "పిల్లలున్నారు బస్సులో. కోపం వాడి మీద, అన్నం మా మీదా?"

"కోపం కాదు సారూ. బేరం తప్పింది మీరు. మొగుణ్ణి మీరే ఉంచుకోండి. బియ్యం నాది."

బస్సులో గోల మొదలైంది. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. ఎవరో ఆడమనిషి, "ఆయమ్మ చెప్పింది న్యాయం! వాణ్ణి దించండి కిందికి!" అని అరిచింది. "రెండు పెండ్లాల దొర, దిగిరా!" అని ఇంకొకడు. ఇంతసేపూ తమాషా చూసినవాళ్ళందరికీ బియ్యం అనేసరికి న్యాయం గుర్తొచ్చింది.

కొమురెల్లి ఒక మూట తాడు విప్పాడు. మూట జారి ఇసుకలో దభీమని పడింది.

"ఖలాస్!" అధికారి కుర్చీలోంచి లేచాడు. నవ్వు పోయింది. కాగితాన్ని గంగాధర్ ఛాతీకి ఆనించాడు. "ఆడవాళ్ళు చెప్పారు. ఇప్పుడు నువ్వు చెప్పు. నీ భార్య పేరు. ఒక్కటే పేరు. ఆమే ఎక్కుతుంది."

గంగాధర్ లిండాను చూశాడు. కింద పడిన మూటను చూశాడు. టాపు మీద ఇంకా ఉన్న రెండో మూటను, కిటికీల్లోంచి తనను తినేసేలా చూస్తున్న మొహాలను చూశాడు. ఎడారి దారి ఎంత పొడవో అతనికి ఇప్పుడే గుర్తొచ్చినట్టుంది. వెంకటేశ్వరి అతని కళ్ళనే చూస్తోంది. తక్కెడ ముల్లు ఎటు పోతుందో ఆమె ముందే చెప్పగలదు.

"వెంకటేశ్వరి," అన్నాడు.

ఆరేళ్ళలో 'ఏమే' తప్ప ఎరగని నోరు. తన పేరు ఆ గొంతులో ఎట్లా ఉంటుందో ఆమె చాలాసార్లు ఊహించుకుంది. ఊహించుకున్నట్టే ఉంది. ధర మాత్రం బియ్యం మూట.

"ఎక్కు," అన్నాడు అధికారి ఆమెతో.

"ఎక్కమ్మా, ఎక్కు తల్లీ, నీకు దణ్ణం పెడతాను," అన్నాడు భీమేశ్వరరావు.

లిండా మెడలోని పసుపుతాడు తెంపింది. దాన్ని ఏం చేయాలో తెలియక గుప్పిట్లో పట్టుకుని నిలబడింది. వేళ్ళ సందుల్లో పసుపు అంటుకుంది. ఆమె ఏడవడం లేదు. గంగాధర్‌ను పేరు పెట్టి పిలవడం లేదు.

బస్సు స్టార్ట్ అయింది.

వెంకటేశ్వరి మూట దగ్గరికి నడిచింది. వంగి ఒక కొన పట్టుకుని లాగింది. కదల్లేదు. ఒక్క మనిషి ఎత్తే బరువు కాదు అది. తలెత్తి లిండాను చూసింది.

"ఏం చూస్తావు? ఆ కొన పట్టుకో."

లిండా పసుపుతాడు కింద పడేసి వచ్చి రెండో కొన పట్టుకుంది.

"యల్లా! ఎటు?" అని అరిచాడు అధికారి.

మూట నేల మీద నుంచి లేచింది. బస్సు ఒకవైపు, మామా ఇంటికి దారితీసే గేటు ఒకవైపు. ఎటు మోయాలో ఆ ఇద్దరూ ఇంకా అనుకోలేదు.